కరువు సీమను చూడబోవడం తగునా?



గండికోట, బెలూం గుహలు చూసి వద్దామని మన యౌవనస్థులు ఈమధ్య తరచుగా అడుగుతున్నారు. లోయ అంచున డేరా వేసుకొని పడుకోవాలని, తెల్లవారి లేచి సూర్యోదయం చూడాలని, భూమి లోపలికి దిగి నడవాలని, బండలెక్కాలని, పడవ తోలాలని వారి కోరిక. ఈ మాట వినగానే మన పెద్దలలో కొందరికి నవ్వు వస్తున్నది, కొందరికి కోపమే వస్తున్నది. కరువుకు తాళలేక ఊరు విడిచి వచ్చినవాళ్ళము, ఇప్పుడు చేతి డబ్బు పెట్టి రైలెక్కి కరువును చూడబోతామా అని వారంటున్నారు. ఈ మాటను చాదస్తమని తోసివేయరాదు. ఒకరికి బతుకుతెరువు చూపని నేలను మరొకరు బాగున్నదని చూసి ఆనందించవచ్చునా? చూసి వచ్చినవాడు ఆ నేలకు ఏమైనా బాకీపడతాడా? ఇది మనబోటి వలస కుటుంబములవారే ఆలోచించవలసిన ధర్మసందేహం.

ముందు ఆ చోటు సంగతి చెప్పుకుందాము. కడప జిల్లాలో జమ్మలమడుగు అనే చిన్న పట్టణం ఉన్నది. లండన్ మిషన్ వారి క్యాంబెల్ ఆసుపత్రి వలన మన పాతతరం క్రైస్తవులకు ఆ పేరు తెలుసు. అక్కడికి సుమారు పదిహేను కిలోమీటర్ల దూరంలో పెన్నా నది ఎర్రమల కొండలను నిలువుగా కోసి మూడువందల అడుగుల లోతున పారుతుంది. ఆ గండి మీద కట్టిన కోట కనుక అది గండికోట. లోపల మాధవరాయ స్వామి గుడి, రంగనాథుని గుడి, పెద్ద మసీదు, ధాన్యపు కొట్టు ఉన్నాయి. పెమ్మసానివారు ఏలిన కోట అది. 17వ శతాబ్దంలో గోలకొండ సేనాని మీర్ జుమ్లా దానిని పట్టుకున్నాక, ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే అక్కడికి వెళ్ళి అతనిని కలిశాడు. దూరదేశపు మనిషి ఆ రాళ్ళ మధ్యకు రావడం ఇప్పటి వింత కాదన్నమాట. ఇక బెలూం గుహలు కొలిమిగుండ్ల మండలంలో ఉన్నాయి. అది ముందు కర్నూలు జిల్లా, 2022 నుండి నంద్యాల జిల్లా. సున్నపురాయిని నీరు వేల సంవత్సరాలు తొలిచి చేసిన సొరంగాలవి. కొలిచినంతవరకు 3229 మీటర్ల పొడవు. అందులో సగానికి కొంచెం తక్కువ దారి మనుష్యులు నడిచి చూడటానికి వీలుగా చేశారు. అన్నిటికంటె లోతైన చోట పాతాళగంగ అనే సన్నని నీటిధార ఉన్నది. అది కనిపించి మళ్ళీ రాతిలోకే వెళ్ళిపోతుంది.

ఎడారి అంటే ఇసుక తిన్నెలు, ఒంటెలు అనుకునేవారికి అది ఎడారి కాదు. నల్ల బండలు, తుమ్మ చెట్లు, మిట్ట మధ్యాహ్నం కళ్ళు తెరవనీయని ఎండ. పక్కనున్న అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతంలో వాన పడుతుంది. మన ఠాణే జిల్లాలో రెండువేలు దాటుతుంది. 2005 జూలై 26న ముంబై శాంతాక్రజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్లు కురిసింది. ఆ ఒక్క రోజు వాన అనంతపురానికి ఏడాదిన్నరకు పైగా సరిపోయే వాన. ఆ రోజు మనము నీటిని చూసి భయపడ్డాము, వారు మబ్బును చూసి ఆశపడతారు. ఈ తేడా మరచిపోయి వెళ్ళినవాడు ఆ సీమను చూసినట్టు కాదు.

భివండీలో స్థిరపడిన తెలుగువారిలో ఎక్కువమంది కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు జిల్లాలవారు. రాయలసీమవారు తక్కువ. కనుక గండికోట మన ఊరు కాదు. అయినా పాలమూరు ముసలవ్వను అడిగి చూడండి. వట్టిపోయిన బావి, పశువులను అమ్మిన సంత, మేస్త్రీ వెంట మూటాముల్లె కట్టి రైలెక్కిన రాత్రి, అన్నీ చెబుతుంది. జిల్లా పేరు మారినా ఆ కథ మారదు. అందుచేతనే పెద్దల అభ్యంతరానికి బలమున్నది. వారి మాటను మేము ఇలా అర్థం చేసుకుంటున్నాము. ఆకలి ఒక దృశ్యం కాదు. ఎండిన నేల ఎదుట నిలబడి ఫోటో తీయించుకోవడమంటే, ఆ నేలను దున్ని ఓడిపోయినవాని ముందు నిలబడి నవ్వడం లాంటిది. పైగా ఒక మనిషి దారి ఖర్చుకు అయ్యే డబ్బు ఊళ్ళో ఉన్న చెల్లెలికి పంపితే ఒక నెల గడుస్తుంది కదా!

ఈ వాదంలో సగం సరియైనదని, సగం కాదని మా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికి బెలూం కథే సాక్ష్యం.

ఆ గుహల గురించి 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే ఆంగ్లేయ భూగర్భ శాస్త్రజ్ఞుడు రాశాడు. తరువాత దాదాపు వంద సంవత్సరాలు బయటివారెవరూ పట్టించుకోలేదు. 1982, 1983లలో గెబావర్ అనే జర్మను ఆయన తన బృందంతో వచ్చి, పాకి, దూరి, కొలిచి పటం గీశాడు. మరి ఊరివారికి ఆ గుహ తెలియదా? తెలుసు. బిలం అన్న మాట నుండే బెలూం పేరు వచ్చిందంటారు. ఊరి పేరులోనే గుహ ఉన్నది. అయినా ఒకప్పుడు చుట్టుపక్కలవారు అందులో చెత్త పోసేవారు. తరువాత ఆ ఊరివారే కొందరు, కొందరు అధికారులు పూనుకొని శుభ్రం చేశారు. పర్యాటక సంస్థవారు దారులు, దీపాలు, గాలి ఆడటానికి యంత్రాలు పెట్టి 2002 ఫిబ్రవరిలో జనానికి తెరిచారు.

ఈ కథ చదివి చాలామంది పల్లెవారికి విలువ తెలియదని తీర్పు చెబుతారు. ఆ తీర్పు మాకు నచ్చదు. మేకలు తోలుకొని పొద్దు గుంకేలోగా నీళ్ళున్న చోటికి చేరవలసినవాడు గుంత దగ్గర ఆగి లోపల ఎంత పొడవున్నదని కొలవడు. మేక అందులో పడకుండా చూసుకుంటాడు. కొలవడానికి తీరిక కావాలి, దీపం కావాలి, తిరిగి వెళ్ళేదాకా ఇంట్లో పొయ్యి వెలుగుతుందన్న ధైర్యం కావాలి. కన్ను అందరికీ ఉన్నది గాని చూపుకు కావలసిన తీరిక అందరికీ లేదు. మన సంగతే చూడండి. మన భివండీ తాలూకాలోనే లోనాడ్ గ్రామం దగ్గర బౌద్ధుల కాలపు గుహ ఉన్నది, రాతిలో చెక్కిన బొమ్మలతో సహా. మన అంజూర్ ఫాటాలో ముప్పై, నలభై ఏళ్ళుగా ఉంటున్నవారిలో దానిని చూసినవారు ఎంతమంది? బోరివలి అడవిలోని కన్హేరి గుహలు నూరుకు పైగా ఉన్నాయి, అవీ అంతే. పన్నెండు గంటల పాళీ చేసి, సాంచాల మోత చెవుల్లో గింగురుమంటుండగా ఇంటికి వచ్చినవానికి నిద్ర కావాలి గాని శిల్పం కాదు. మరి మనలను ఎవరైనా విలువ తెలియనివారంటే ఒప్పుకుంటామా?

కాబట్టి తీరిక దొరికిన మొదటి తరము మన ఇళ్ళలో ఇప్పుడు పుట్టినది. తాత సాంచ నడిపాడు, తండ్రి గోదాములో లెక్కలు రాశాడు, మనుమరాలు కాలేజీకి వెళ్ళుతున్నది. ఆమె కొండ చూడాలని అడిగితే అది సోమరితనము కాదు. తాత రాత్రి పాళీలు కొని పెట్టిన తీరిక అది. దానిని తప్పుబట్టడం తాత కష్టాన్నే తప్పుబట్టడం.

ఇక్కడ మనవారికి, ముఖ్యంగా నేత పనివారికి, ఒక పాత లెక్క చెప్పాలని ఉన్నది. మన ఊరి మీదుగా పోయే ఆగ్రా రోడ్డు పట్టుకొని పోతే నాసిక్ వస్తుంది. ఊరు ఇంకా చేరకముందే రోడ్డు పక్కన కొండ మీద పాండవ లేణి గుహలు కనిపిస్తాయి. పేరు పాండవులదే గాని అవి బౌద్ధ భిక్షువుల కోసం తొలిచినవి. మన శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి తల్లి గౌతమీ బాలశ్రీ శాసనం కూడా అక్కడే ఉన్నది. ఆ గుహలలో ఒకదానిలో క్షత్రప రాజు నహపానుని అల్లుడు ఉషవదాతుడు సుమారు 1900 ఏళ్ళ క్రితం చెక్కించిన శాసనం ఉన్నది. అతడు మూడువేల కార్షాపణాలు గోవర్ధన పట్టణంలోని సాలెవారి సంఘముల దగ్గర పెట్టాడు. ఒక సంఘము దగ్గర రెండువేలు, నెలకు నూటికి ఒకటి వడ్డీ. ఇంకొక సాలె సంఘము దగ్గర వెయ్యి, నెలకు నూటికి ముప్పావు వడ్డీ. అసలు తిరిగి ఇవ్వనక్కరలేదు, వడ్డీ మాత్రము చెల్లుతూ ఉండవలెను. ఆ రెండువేల మీద వడ్డీతో గుహలో వర్షాకాలం గడిపే ఇరవైమంది భిక్షువులకు తలా పన్నెండు కార్షాపణాలు వస్త్రాల కొరకు ఇవ్వవలెను. లెక్క వేసి చూడండి. నెలకు ఇరవై, ఏడాదికి రెండువందల నలభై. ఇరవైమందికి పన్నెండేసి చొప్పున సరిగ్గా సరిపోయింది.

కొండ మీద కూర్చొని ధ్యానించినవారి తీరిక వెనుక కింద ఊళ్ళో మగ్గం ఆడింది. దాత పేరు రాతిలో ఉన్నది, వడ్డీ కట్టిన సాలెవారి పేర్లు లేవు, వారి సంఘము ప్రస్తావన మాత్రము మిగిలింది. ఈ సంగతి తెలిసిన తరువాత, గుహలు చూడటం చదువుకున్నవారి పని, కలిగినవారి పని అని నేతపనివాడు వెనుకాడనక్కరలేదు. అతని వాటా మొదటి నుండి అక్కడ ఉన్నది. (భివండీలో అసలు కట్టనక్కరలేని అప్పు ఇచ్చే షావుకారు దొరికితే మాకు కూడా చెప్పండి.)

వెళ్ళవచ్చునని మేము చెప్పడానికి ఇది కారణం. అయితే పెద్దల వాదంలో సరియైన సగం ఇంకా మిగిలే ఉన్నది. అది నీళ్ళ సంగతి.

దావీదు అదుల్లాము గుహలో ఉన్నప్పటి ఒక సంగతి మనకందరికీ తెలుసు. కోతకాలము, శత్రువుల దండు బేత్లెహేములో ఉన్నది. అతనికి తన ఊరి గవిని దగ్గరి బావి నీళ్ళ మీద మనసు పోయింది. పైకి అన్నాడు కూడా. ముగ్గురు బలాఢ్యులు దండును చీల్చుకొని వెళ్ళి ఆ నీళ్ళు తెచ్చారు. అతడు త్రాగలేదు, ప్రభువు ఎదుట పారబోశాడు. ప్రాణానికి తెగించి వెళ్ళినవారి రక్తము ఆ నీళ్ళలో అతనికి కనిపించింది. సండే స్కూలులో ఈ కథను ఆ ముగ్గురి ధైర్యానికి చెబుతారు. మాకు మాత్రము ఇది గుహలో విడిది చేసినవాని కథగా కనిపిస్తుంది. కొరత ఉన్న చోట కూర్చొని నోరారా ఒక కోరిక అన్నవాడు, దానికి వేరొకరు ఏమి చెల్లించారో చూసి ఆగిపోయాడు. ఇంట్లో ఉండి అడిగితే అది మామూలు దాహము.

ఎండు సీమకు విహారానికి వెళ్ళేవాడు ఈ కథను మూటలో కట్టుకొని వెళ్ళాలి. బకెట్టు నిండా నీళ్ళు పెట్టుకొని రెండు పూటలా స్నానం చేయడం మనకు అలవాటు. అక్కడ మనకు వసతి ఇచ్చినవారు ఆ బకెట్టు ఎక్కడ నుండి తెచ్చారో చెప్పరు. అతిథికి నీళ్ళ లెక్క చెప్పడం తెలుగు ఇంటి మర్యాద కాదు. ఆ మర్యాద వారిది. అడగకుండానే గ్రహించడం మనది. నీళ్ళ సీసాలు తాగి లోయలోకి విసిరేవారిని గురించి రాయడానికి కూడా మాకు మనసొప్పదు. చెత్త గుంతగా ఉన్న గుహను ఆ ఊరివారు కడిగి పెట్టాక, చదువుకున్నవారు వెళ్ళి మళ్ళీ చెత్త వేస్తే ఏమనాలి?

నీటి సంగతి ఇంతటితో అయిపోలేదు. గండికోట దగ్గర పెన్నా మీద ఇప్పుడు పెద్ద జలాశయం ఉన్నది. గాలేరు నగరి పథకంలో భాగముగా కట్టినది, దాదాపు 27 టి.ఎం.సి.లు పట్టేది. కరువు సీమకు నీరు నిలవడం మంచి పనే, అందులో సందేహం లేదు. అయితే ఆ నీటి కింద ఊళ్ళు ఉన్నాయి. కొండాపురం, తాళ్ళప్రొద్దుటూరు వంటి ఊళ్ళవారు ఇళ్ళు, పొలాలు విడిచి లేచిపోవలసి వచ్చింది. 2020లో నీరు నింపుతుండగా తాళ్ళప్రొద్దుటూరువారు పరిహారము విషయమై ఆందోళన చేశారు. నీరు లేక ఊరు విడిచినవారి కథ మనకు తెలుసు. నీరు వచ్చి ఊరు విడిచినవారి కథ కూడా ఉన్నదని అక్కడికి వెళ్ళితే తెలుస్తుంది. నిండిన జలాశయం ఫోటోలో చాలా బాగుంటుంది. అందము అబద్ధమని మేము అనము. ఆ నీరు అందంగానే ఉన్నది, ఆ ఊళ్ళు మునిగిన మాటా నిజమే. రెండూ ఒకే చోట నిలబడి చూడవలసినవే. నగరం నుండి వచ్చే పర్యాటకుడికి ఒకటే కనిపించవచ్చు. ఇల్లు విడిచిన కుటుంబములో పుట్టిన మన పిల్లలకు రెండూ కనిపించే అవకాశమున్నది. అందుకే వారు వెళ్ళాలని మేము కోరుతున్నాము.

డబ్బు విషయంలో మాలో మాకే ఏకాభిప్రాయం కుదరలేదు. అక్కడి బీదవారికి ఏదైనా పంచి రావాలని కొందరన్నారు. బట్టలు, బిస్కట్లు పట్టుకుపోయి పిల్లలను వరుసగా నిలబెట్టడం తగదని కొందరన్నారు. మేము రెండవవారి పక్షము. 1876-78 నాటి గొప్ప కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర ఏమి చేశాడో గుర్తు చేసుకోండి. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో వచ్చినవారికి పని ఇచ్చి కూలి ఇచ్చాడు. చేయి చాపించకుండా చేతికి పార ఇచ్చాడు. విహారానికి వెళ్ళేవారు కాలువలు తవ్వించలేరు గాని, ఊరి మనిషిని దారి చూపడానికి పెట్టుకొని అడిగిన కూలి ఇవ్వగలరు. ఊరి అమ్మ వండిన జొన్నరొట్టె, చెనిక్కాయల ఊరిబిండి తిని సరియైన వెల చెల్లించగలరు. సేఠ్ మన కూలిలో మీటరుకు పైసలు కోసినప్పుడు మనకు ఎలా ఉంటుందో తెలిసినవారము, పది రూపాయల దగ్గర బేరం ఆడకూడదు.

దారి సంగతి రెండు ముక్కలు. కల్యాణ్‌లో మద్రాసు వైపు పోయే రైలెక్కితే షోలాపూర్, రాయచూరు, గుంతకల్లు మీదుగా తాడిపత్రి వస్తుంది. బెలూం వెళ్ళేవారు అక్కడ దిగాలి. గండికోటకైతే ఇంకా ముందుకుపోయి ముద్దనూరులో దిగడం దగ్గర. నవంబరు నుండి జనవరి వరకు మంచి కాలము. ఏప్రిల్, మే నెలల్లో, బడి సెలవులని చెప్పి, పిల్లలను అక్కడికి తీసుకుపోకండి. లోయ అంచున అన్ని చోట్లా కమ్ములు లేవు, గాలి వీస్తున్నప్పుడు అంచుకు పోనీయకండి. బెలూంలో లోపల ఉక్కగా ఉంటుంది, ఆయాసము ఉన్నవారు పైనే ఆగడం మేలు.

నడవగలిగిన పెద్దలను ఇద్దరు ముగ్గురినైనా వెంట తీసుకువెళ్ళాలని యౌవనస్థులకు మా మనవి. గుహలోకి వారు దిగకపోయినా ఫరవాలేదు. పైన చింతచెట్టు నీడ దొరికితే కూర్చుంటారు. పక్కన మేకలు కాసే మనిషి ఉంటే, ఈసారి వాన ఎట్లా పడింది, బావిలో నీళ్ళు ఎన్ని మట్టులు ఉన్నాయి, పిల్లలు ఏ ఊరికి పోయారు అని అడుగుతారు. ఆ ప్రశ్నలు అడగడం మన పిల్లలకు రాదు. పక్కన కూర్చొని వినవచ్చును.